యుద్ధకాలంలో వీధి గుమ్మం ముందు కెమెరా

యుద్ధ చరిత్ర అనగానే మనకు సేనాధిపతులు, ఒడంబడికలు, బాంబులు గుర్తుకు వస్తాయి. ఇంటి పట్టున ఉండి యుద్ధాన్ని భరించిన సామాన్యులకూ ఒక చరిత్ర ఉంది. మనం స్థిరపడిన ఈ బ్రిటన్‌లో అది చాలావరకు సినిమా రీళ్ళలో భద్రంగా ఉంది. విశేషమేమిటంటే, వాటిని తీయించింది ప్రభుత్వ ప్రచార విభాగం!

1930లలో ఇక్కడి తపాలా శాఖకు సొంతంగా ఫిల్మ్ యూనిట్ ఉండేది. 1940లో అది సమాచార మంత్రిత్వ శాఖ కిందికి వెళ్ళి, క్రౌన్ ఫిల్మ్ యూనిట్‌గా పేరు మార్చుకుంది. ఆ యూనిట్‌లో పనిచేసినవారిలో హంఫ్రీ జెన్నింగ్స్ (1907-1950) ముఖ్యుడు. ఆయన కవి, చిత్రకారుడు కూడా. సామాన్యుల దినచర్యను నమోదు చేయడానికి 1937లో మొదలైన 'మాస్ అబ్జర్వేషన్' ఉద్యమ స్థాపకులలో ఆయన ఒకరు.

1942లో ఆయన, స్టువర్ట్ మెకాలిస్టర్ కలిసి తీసిన 'లిజన్ టు బ్రిటన్' నిడివి సుమారు 20 నిమిషాలే. అందులో కథ లేదు, వ్యాఖ్యానమూ లేదు. బ్లాక్‌పూల్ డాన్సు హాలు, ఫ్యాక్టరీలో పాట వింటూ యంత్రాల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు, క్యాంటీన్‌లో భోజనవేళ హాస్యగాళ్ళ పాట, నేషనల్ గ్యాలరీలో మైరా హెస్ పియానో కచేరీ - అంతే. శత్రువును తిట్టే మాట ఒక్కటీ వినిపించదు. ఇది ప్రచారానికి ఏం పనికొస్తుందని ఎడ్గర్ ఆన్‌స్టీ వంటి తోటి డాక్యుమెంటరీవాదే పెదవి విరిచాడు. అయినా జనం ఆదరించారు. ఎందుకంటే తెరమీద వారికి కనిపించింది తామే.

అలాగని ఇవన్నీ అచ్చమైన నిజాలు అనుకోరాదు. 1943లో వచ్చిన 'ఫైర్స్ వర్ స్టార్టెడ్'లో నటించినవారు నిజమైన అగ్నిమాపక సిబ్బందే గాని, మంటలు మాత్రం కెమెరా కోసం పెట్టినవి. పైగా నల్లబజారు, సమ్మెలు, రేషన్ క్యూలలోని విసుగు ఈ చిత్రాలలో చోటుచేసుకోలేదు. చూపినది నిజమే అయినా, చూపకుండా వదిలినదీ ప్రచారమే.

మరి ఆ రోజుల్లో మన దేశంలో ఏం జరిగింది? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చి జైళ్ళు నిండిపోయాయి. 1943లో బెంగాల్ కరువు లక్షల ప్రాణాలను బలి తీసుకుంది. అదే ఏడాది ప్రభుత్వం 'ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా' నెలకొల్పి, ఇంగ్లీషు, హిందుస్తానీ, బెంగాలీ, తమిళంతో పాటు తెలుగులోనూ ప్రచార చిత్రాలు తయారు చేయించింది. సినిమాహాళ్ళు వాటిని అద్దె చెల్లించి మరీ వేయాలని చట్టం చేసింది. తమను అడగకుండానే యుద్ధంలోకి దింపిన ప్రభుత్వం చెప్పే మాటలు, తెలుగులో చెప్పినంత మాత్రాన మన పెద్దల మనసుకు ఎక్కుతాయా? 1946లో ఆ సంస్థ మూతపడింది. 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడేవరకు స్వతంత్ర భారతానికి సొంత చిత్ర విభాగమే లేదు. అందుకే 1947 ఆగస్టు 15 నాటి దృశ్యాలకు ప్రైవేటు కెమెరామెన్‌ల మీద, విదేశీ న్యూస్‌రీళ్ళ మీద ఆధారపడవలసి వచ్చింది.

ఏలికలు వాళ్ళే, కాలమూ అదే. ఒకచోట కెమెరా జనంలో ఒకటిగా కలిసిపోయింది, మరోచోట జనానికి పాఠం చెప్పబోయింది. ఫలితంలోని తేడా అంతా అక్కడే ఉంది.

జెన్నింగ్స్ 1945లో తీసిన 'ఎ డైరీ ఫర్ టిమొతీ'కి వ్యాఖ్యానం రాసినది 'ఎ పాసేజ్ టు ఇండియా' నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్. యుద్ధం ముగుస్తున్న వేళ పుట్టిన పసివాడితో, నీ లోకం ఎలా ఉండబోతోందని మాట్లాడే చిత్రమది. మన పిల్లలు బడిలో రెండవ ప్రపంచయుద్ధం పాఠం చదివేటప్పుడు ఈ చిత్రాలను వారి పక్కన కూర్చుని చూడండి. ఆ సమయంలోనే విశాఖ తీరాన ఏం జరిగిందో, బెంగాల్‌లో ఏం జరిగిందో కూడా చెప్పండి. ఆ సగం ఈ రీళ్ళలో లేదు. అది మనమే చెప్పాలి.