పల్లెటూరి ప్రేక్షకుడు

చలనచిత్రముల చరిత్ర వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఏ చిత్రము ఏ సంవత్సరమున వెలువడినది, ఎవరు దర్శకత్వము వహించిరి, ఎవరు నటించిరి, ఎన్ని దినములాడినది అను విషయములు గ్రంథములందు దొరకును. కాని తెర కెదురుగా ఇసుకలో చతికిలబడి, అర్ధరాత్రి వరకు కన్నార్పక చూచి, తెల్లవారుసరికి మరల అరక కట్టిన మనుష్యుని చరిత్ర వ్రాసినవారు అరుదు. అతని అణాలు లేనిచో ఆ పరిశ్రమయే లేదు. ఒక జీవితకాలమంతయు చిత్రములు చూచుచు గడపిన ఆ తరము మెల్లమెల్లగా తరలిపోవుచున్నది. చిత్రమునకు ఫిలిము సాక్ష్యము. ప్రేక్షకునకు అతని జ్ఞాపకమే సాక్ష్యము.

ఈ ప్రేక్షకుడు సినిమాతో పుట్టినవాడు కాడు. సినిమా రాకమునుపే అతడు తోలుబొమ్మలాట చూచినాడు. తెల్లని గుడ్డ, దానివెనుక దీపము, గుడ్డపై కదలాడు రంగుల నీడలు అతనికి వింత కావు. వీధిభాగవతమునకు తెల్లవార్లు మేలుకొనుట అలవాటు. హరిదాసు ఒక్కడే పదిమంది పాత్రలై పాడుచుండగా కథ పట్టుకొనుట అలవాటు. కడప మండలములోని సురభి గ్రామమున 1885లో మొదలైన నాటకసమాజము వారి శాఖలు ఊరూర రంగస్థలము లెత్తి, తెరలను, యంత్రములను, మాయలను చూపినవి. కనుక కదలెడి బొమ్మ తన గ్రామమునకు వచ్చునప్పటికి పల్లెవాసి క్రొత్తగా నేర్వవలసినది మిక్కిలి స్వల్పము. అతనికి కథ తెలియును. ఎట్లు చూపుదురో చూడవలెనని పోయెడివాడు.

1895 డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేర్ సోదరులు చూపిన వింత, 1896 జులై 7వ తేదీకే బొంబాయి వాట్సన్ హోటలునకు వచ్చినది. తెలుగువారిలో ఈ విద్యకు ఆద్యుడు మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య. మదరాసులో ఫోటోగ్రాఫరుగా స్థిరపడిన ఆయన విదేశీయంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శనములిచ్చుచు తిరిగి, 1914లో మదరాసున గెయిటీ థియేటరు నిర్మించెను. ఆ సంవత్సరమే ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము పుట్టినది. ఇది కేవలము కాకతాళీయము. అయినను పల్లెవాని సాయంకాలమును కోరి వచ్చిన ఈ రెండు సంస్థలు ఒక్క ఏటి బిడ్డలగుట గమనింపదగినది. 1921లో బెజవాడలో మారుతి సినిమా వెలసినది. మూకీల కాలమున తెరప్రక్క ఒక వ్యాఖ్యాత నిలిచి కథ చెప్పెడివాడు. అతని నోటిచలువనుబట్టి చిత్రము రక్తికట్టుటయో, వెలవెలబోవుటయో జరిగెడిది.

1931 మార్చి 14న 'ఆలం ఆరా'తో బొమ్మ నోరు విప్పినది. ఆ అక్టోబరు నెలాఖరున విడుదలయైన 'కాళిదాసు' తమిళచిత్రమే యైనను, అందు తెలుగు మాటలు కూడ వినవచ్చినవి. అనంతరము హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున 'భక్త ప్రహ్లాద' వెలువడినది. ధర్మవరము రామకృష్ణాచార్యుల నాటకమునకు అది తెరరూపము, నటీనటులు సురభివారు, లీలావతి పాత్ర సురభి కమలాబాయిది. అనగా పల్లెజనము వీధిలో చూచినవారినే తెరపై చూచినది.

అయితే టాకీని పల్లెకు సొంతము చేసినది 1934లో సి. పుల్లయ్య తీసిన 'లవకుశ' యని చెప్పవచ్చును. దానిని చూచుటకు చుట్టుప్రక్కల గ్రామములనుండి కుటుంబములు ఎడ్లబండ్లు కట్టుకొని, చద్దిమూటలతో పట్టణములకు తరలినట్లు ఆనాటివారు తమ బిడ్డలకు చెప్పుచుండెడివారు. బండి క్రింద గడ్డి పరచుకొని నిద్రించి, మరునాడు మరల అదే చిత్రము చూచి యింటికి మరలినవారును కలరు. ఇది తీర్థయాత్రవలె నుండెడిది గాని వినోదయాత్రవలె గాదు.

పట్టణమునకు పోలేని పల్లెకు టూరింగ్ టాకీసు వచ్చెడిది. నూర్పిళ్లు ముగిసి, నాలుగు డబ్బులు చేతిలో ఆడు దినములలో ఊరి వెలుపలి బీటిలో డేరా లేచెడిది. చుట్టును తాటాకు దడి, నడుమ గుంజలు, ఒక మూల చమురు ఇంజను. పగలు వెలుతురులో బొమ్మ కనబడదు గనుక చీకటిపడిన తరువాతనే ఆట. పగటివేళ ఎడ్లబండికి ఇరువైపుల రంగుబొమ్మల కాగితములు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు విసరుచు వీధివీధి త్రిప్పెడివారు. బండివెంట పరుగెత్తి కరపత్రము సంపాదించుట పిల్లల కొక పందెము. ప్రొద్దుగ్రుంకగనే లౌడుస్పీకరు పొలములమీదికి పాటలు పంపెడిది. ఆట మొదలగుటకు ముందు వేయు పాట ప్రతిదినము ఒక్కటే. పెక్కుచోట్ల అది దేవుని పాట. ఘంటసాల పాడిన భక్తిగీతములు తరువాతి కాలమున ఈ స్థానము నాక్రమించినవి. గడియారము లేని ఇంట ఆ పాటయే గడియారము. అది చెవినిబడగనే ఇల్లాలు పొయ్యి ఆర్పి, చంటిబిడ్డను చంకకెత్తుకొని బయలుదేరెడిది.

లోపల తరగతులు మూడు: నేల, బెంచీ, కుర్చీ. కుర్చీలలో కరణముగారు, మునసబుగారు, వారి బంధువులు. నేల తరగతివారు ఇసుకను పోగుచేసి మెట్టవలె పేర్చుకొని దానిపై కూర్చుండెడివారు. వెనుకవానికి బొమ్మ అడ్డు తగిలెడిది; వాడును మరికొంత ఇసుక పోసెడివాడు; ఇట్లు చివరివరుసకు చేరునప్పటికి చిన్న తగవు తప్పెడిది కాదు. యంత్రము ఒక్కటే గనుక చుట్ట ముగిసినప్పుడెల్ల ఆట ఆగవలెను. వేయి అడుగుల చుట్ట సుమారు 11 నిమిషములు నడచును. రెండు చుట్టలు ఒక్కటిగా చేర్చినను గంటకు రెండు మూడుసార్లు దీపములు వెలుగును. పట్టణప్రేక్షకునకు ఇది రసభంగము. పల్లెప్రేక్షకునకు మాత్రము అది మాటలాడుకొను సమయము. గోళీసోడా కొట్టిన చప్పుడు, వేరుసెనగకాయల బుట్ట, చుట్టపొగ, ఇప్పటివరకు జరిగిన కథపై తీర్పులు అన్నియు ఆ విరామములోనివే. రావణుడు సీత నెత్తుకొనిపోవు ఘట్టమున దీపము వెలిగినచో డేరా అంతయు ఒక సభగా మారెడిది. అడుగడుగున ఆగిన ఆ చిత్రములు వృద్ధులకు ఘట్టములు ఘట్టములుగా జ్ఞప్తియందుండుటకు ఈ విరామములును కొంత కారణమై యుండవచ్చును.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. పండుగకో, పెండ్లికో తప్ప రాత్రివేళ గడప దాటని గృహిణికి సినిమా ఒక క్రొత్త అనుమతి తెచ్చినది. డేరాలో వారికి తడిక అడ్డుకట్టి వేరుగా చోటుండెడిది. పౌరాణికచిత్రమన్నచో అత్తగారు అడ్డు చెప్పుటకు వీలులేదు. ఆమెయే ముందు నడచెడిది. సీత కష్టములకు తడికకు ఆవలనుండి వినవచ్చిన ఏడ్పులు సీతకొరకు మాత్రమే కావని పెద్దలకు తెలిసియే యుండును. ఇంట ఏడ్చుటకు తావులేనివారికి అది ఏడ్వదగిన తావు.

నేలటిక్కెట్టునకు కులము లేదని కొందరందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదు. ఊరికట్టుబాటు డేరాగుడ్డను దాటి కొంత లోపలికిని వచ్చెడిదే. ఎవరు ఏ మూల కూర్చుండవలెనో చెప్పకయే తెలిసెడిది. అయినను గుడిలోనికి, మంచినీటి బావివద్దకు పోరాని వారు, అందరిచ్చు డబ్బే యిచ్చి అందరు చూచు బొమ్మనే అదే సమయమున చూచిన స్థలము అది. గూడవల్లి రామబ్రహ్మము 1938లో 'మాలపిల్ల' తీసి ఈ విషయమునే తెర కెక్కించెను. ఆ చిత్రమునకు తాపీ ధర్మారావు వ్రాసిన మాటలు జనము వాడుకలోని మాటలు. గ్రాంథికాభిమానులకు రుచింపకపోయినను, తాను మాటలాడునట్లే తెరపై మనుష్యులు మాటలాడుట విని పల్లెవాడు పొంగిపోయినాడు. మరుసటి యేట వచ్చిన 'రైతుబిడ్డ'పై జమీందారులు అభ్యంతరము పలికిరి; కొన్నిచోట్ల ప్రదర్శనము నిలిచినది. చూడనివ్వని చిత్రము ఎట్లుండునో ఊహించుకొనుటయు ప్రేక్షకుని చరిత్రలోనిదే.

గ్రంథాలయముల పెద్దలు ఆ దినములలో సినిమాను అనుమానముతో చూచినమాట నిజము. సాయంకాలము పత్రిక చదువుటకు రావలసిన యువకుడు డేరావైపు పోవుచున్నాడని వారి బాధ. ఆ బాధ నిరాధారము కాదు. కాని లెక్కకు రెండవ ప్రక్కయు కలదు. ప్రతి చిత్రమునకు ఒక పాటలపుస్తకము అచ్చయ్యెడిది. నాసిరకపు కాగితము, పైన నాయికానాయకుల బొమ్మ, లోపల పాత్రల పట్టిక, కథాసంగ్రహము. కథ మంచి పట్టునకు రాగానే ఆపి, తరువాయి వెండితెరపై చూడుడని వ్రాసెడివారు. వెనుక పాటలు. బడికి పోని పాలేరు అంతకుముందే వినియున్న పాటను పుస్తకములోని అక్షరముతో జతపరచుకొనుచు, ఒక్కొక్క మాట కూడబలుకుకొని చదువ నేర్చిన వైనము పెక్కు గ్రామములలో వృద్ధులు చెప్పుదురు. తెలిసిన మాటను చదువుట సులభము. వయోజనవిద్య నేర్పువారు తరువాత గ్రహించిన సూత్రమును పాటలపుస్తకము తెలియకయే పాటించినది. అనంతరము వెండితెర నవలలు వచ్చినవి. ముళ్లపూడి వెంకటరమణ వంటి రచయిత చేయి తగిలి అవి సాహిత్యపువాసన నెరిగినవి. 1966లో 'విజయచిత్ర' మాసపత్రిక ఆరంభమయ్యెను. సినిమా చూచి, దానిని గూర్చి చదువుటకు గ్రంథాలయమునకు వచ్చినవారు తక్కువమంది కారు. విచారింపవలసినదేమనగా, ఈ పాటలపుస్తకములను అల్పములని యెంచి గ్రంథాలయములు సాధారణముగా దాచలేదు. ట్రంకుపెట్టెల అడుగున చెదపురుగులకు చిక్కక మిగిలినవే నేటికి మిగిలినవి.

యుద్ధకాలమున ముడిఫిలిము కొరతచే చిత్రముల నిడివికి ప్రభుత్వము 11,000 అడుగుల హద్దు విధించినది. రెండు చిత్రముల కథ చూపుటకు అలవాటుపడిన మనవారికి అది శిక్షవలె తోచినది. 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజనువారి వార్తాచిత్రములు అసలు ఆటకుముందు వచ్చెడివి. ఆలస్యముగా వచ్చువారికి అవి అనుకూలమైన వ్యవధి. అయినను నెహ్రూను, ఆనకట్టలను, వరదలను పల్లె కన్నులార చూచినది వానియందే.

1957 మార్చి 27న విడుదలయైన 'మాయాబజారు' ఈ ప్రేక్షకుని స్వభావమును చక్కగా వెల్లడించును. శశిరేఖాపరిణయము కథ నాటకముగా అతనికి కరతలామలకము. 1936లో ఒకమారు చిత్రముగా కూడ వచ్చినది. ఏమి జరుగునో తెలియనిది ఒక్కటియు లేదు. అయినను రెండవమారు, అయిదవమారు పోయినాడు. ఘటోత్కచునిగా ఎస్. వి. రంగారావు పళ్లెములు ఖాళీ చేయు ఘట్టము వచ్చునప్పటికి, బువ్వ తినకయే వచ్చినవాడును కడుపునిండినట్లు నవ్వెడివాడు. తెలిసిన దానినే మరల మరల చూచి తనియు ఈ గుణము పురాణశ్రవణమునుండి అతనికి అబ్బినది.

ఇక నష్టమును గూర్చి. తొలిచిత్రముల ఫిలిము త్వరగా అంటుకొను రసాయనముతో చేయబడినది. వేడికి, తేమకు చెడెడిది. ఆట ముగిసిన ప్రతులను వెండికొరకు కరగించిన సందర్భములును కలవు. 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు ఒక్కటియు లేదు. దానిని చూచినవారి జ్ఞాపకముల మీదనే ఆధారపడుదమన్నచో, జ్ఞాపకమును పొరపడును. ఆ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని దశాబ్దములు నమ్మి, ఆ దినమునే తెలుగు సినిమా పుట్టినరోజుగా జరుపుకొనిరి. పత్రికారచయిత రెంటాల జయదేవ పాత పత్రికలను, సెన్సారు వివరములను వెదకి, ఆ చిత్రము 1932 జనవరి 22న సెన్సారు పొంది, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో మొదట ప్రదర్శింపబడినదని చూపెను. ఎవరో ఎక్కడనో పాత కాగితములను పారవేయక దాచియుండుటచే ఈ దిద్దుబాటు సాధ్యమైనది. తేదీని కాగితము దిద్దగలిగెను. కాని డేరాలోని వాసనను, తడికవెనుక ఏడ్పును, ఇసుకమెట్ట తగవును ఏ కాగితమును తెలుపజాలదు. ఆ రెండును ఒకచోట చేరినప్పుడే చరిత్ర పూర్తియగును.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వెలసినది. ఊరిలో టెలివిజను గల ఇంటి వసారా కొన్నేండ్లు చిన్న డేరాగా మారినది. తరువాత ప్రతి ఇంటికిని పెట్టె వచ్చినది. వీడియో క్యాసెట్టు వచ్చినది. టూరింగ్ టాకీసులు ఒక్కొక్కటే గుంజలు పెరికినవి. పట్టణపు హాళ్లు పెక్కు కల్యాణమండపములైనవి, గిడ్డంగులైనవి. బస్సుమీద వచ్చు ఫిలిముపెట్టెకొరకు దారిలో కాచుకొని నిలుచుట, పెట్టె రాలేదని ఆట రద్దగుట, టిక్కెట్టు డబ్బు తిరిగి యిచ్చుట, ఇవి నేటి యువకులకు కట్టుకథలవలె తోచును.

2010 జనవరిలో 'మాయాబజారు' రంగులద్దుకొని మరల థియేటరులకు వచ్చినది. మనుమల చేయి పట్టుకొని పోయిన వృద్ధులలో కొందరు రంగులను మెచ్చిరి. కొందరు శశిరేఖ చీరెకు తాము మనస్సులో వేసికొన్న రంగు అది కాదనిరి. 1934లో 'లవకుశ' చూచుటకు తండ్రి బండిలో గడ్డిమీద పండుకొని పోయిన పదేండ్ల బాలుడు నేడు జీవించియున్నచో నూరేండ్లు దాటియుండును. 1957లో డేరాలో ఇసుక పోగుచేసికొని కూర్చుండిన పదేండ్ల బాలునకు ఎనుబది సమీపించుచున్నది. ఏ బీటిలో డేరా వేసిరి, నేలటిక్కెట్టు ఎంత, ఆటకుముందు వేసిన పాట ఏది, ప్రక్కన ఎవరు కూర్చుండిరి అని ఆయనను ఇంకను అడుగవచ్చును.