నీటి తీరువ కథ: మనల్ని ఎప్పుడు అడిగిండ్రు?

కాలువ నీళ్లకు మళ్ల పైసలు పెడ్తరట అనే మాట అక్కడక్కడ వినవడుతున్నది. ఆ మాట ఊరికె పుట్టలే. 2025 ఏప్రిల్‌ల కేంద్ర కేబినెట్ 1,600 కోట్లతోని కాలువల ఆయకట్టు ఆధునీకరణ పథకం ఒకటి మంజూరు చేసింది. పైపులల్ల నీళ్లు పొలం దాక తెచ్చుడు, నీళ్ల లెక్క యంత్రాలతోని చూసుడు, ఆ తర్వాత నిర్వహణ రైతుల సంఘాలకు అప్పజెప్పుడు, ఇదీ దాని వరుస. సంఘం నడపాలంటే ఖర్చు ఎవలు పెట్టాలె అన్న ముచ్చట ఎట్లైనా వస్తది. అది రాకముందే పాత కథ ఒకసారి తిరగేద్దాం.

నిజాం కాలంల మన దగ్గర పంటలకు ఆబీ, తాబీ అని పేర్లు. తాబీ మొదలుగాకముందు చెరువుల ఎన్ని నీళ్లున్నయో చూసి, ఎన్నెకరాలకు పారుతయో తేల్చుకునేటోళ్లు. దాన్నే తైబందీ అన్నరు. తూము ఎత్తుడు, దించుడు నీరటి పని. ఆయనకు కల్లంల మేర కొలిచిపెట్టేది. అదంత బంగారు కాలమని నేను చెప్పను. పటేలు, పట్వారీ, దొర మాటనే నడిచేది. కడమోళ్ల పొలం ఎండినా నోరు లేవకపోయేది. కని ఒక్కటి మాత్రం ఉండె: ఎన్ని నీళ్లున్నయో నాటు పెట్టకముందే ఊరికి తెలిసేది.

1963 జూలై 26న పోచంపాడు కాడ నెహ్రూ పునాదిరాయి వేసిండు. కాకతీయ కాలువ మన నేలకు వచ్చింది. దాంతోని తూము కాడి పెత్తనం ఊరి నీరటి నుంచి డిపార్ట్‌మెంటుకు, లస్కర్‌కు పోయింది. కాలువ కింద ఎక్కువ భాగం ఆరుతడి పంటలకని రాసుకున్నరు. మనం నీళ్లు కండ్లవడంగనే వరి వేసినం. మొదటి తూముల కాడ మడి నిండ నీళ్లు, టెయిలెండ్ల కాలువల తుమ్మచెట్లు. వారబందీ అని వంతులు పెట్టిండ్రు గని, రాత్రి షట్టరు లేపేటోని ముంగట ఏ వంతు నిలుస్తది?

ఇగ అసలు ముచ్చట 1996ది. అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఖజానా ఖాళీ అని శ్వేతపత్రం తెచ్చి, జనంల చర్చ పెట్టినమన్నది. ఆ ఏడాదే పెద్ద ప్రాజెక్టుల కింద వరికి ఎకరాన 60 రూపాయలున్న తీరువ 200 అయింది. ఆరుతడికి 100. మరుసటి ఏడు, 1997ల, రైతుల నిర్వహణ చట్టం వచ్చింది. జూన్‌ల రాష్ట్రమంత పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎలక్షన్లు జరిగినయి. వరుస చూసిండ్రా? ముందు రేటు, తర్వాత సంఘం. రేటు కట్టేనాడు చెప్పుకునేతందుకు మనకొక సంఘమే లేదు.

అయినా ఆ సంఘాలను తీసిపారేయను. వసూలైన తీరువల కొంత భాగం సంఘానికే తిరిగి రావాలని రాసుకున్నరు. ఆజమాయిషీకి రెవెన్యూ, ఇరిగేషన్ వాళ్లతోని పాటు సంఘమోళ్లు కూడ పొలం మీదికి పోయి, ఎవలు ఏ పంట వేసిండ్రో రాసేది. పూడిక తీసిండ్రు, షట్టర్లు పెట్టిండ్రు. మెల్లగ చాన చోట్ల ప్రెసిడెంటే కంట్రాక్టర్ అయిండు, అది కూడ మనం చూసిందే. ఓటేమో రికార్డుల పేరున్నోళ్లకే. కౌలుదారుకు, పట్టా పేరు లేని ఆడోళ్లకు ఆ మీటింగుల కుర్చీనే లేదు, నాటేసింది వాళ్లే అయినా.

తెలంగాణ వచ్చినంక పాత బాకీలు మాఫ్ చేసి తీరువనే రద్దు చేసిండ్రు. మంచిదే, నేనూ సంతోషపడ్డ. కని తీరువతోని పాటు రసీదు పోయింది, ఆజమాయిషీల మన సంతకం పోయింది, సంఘాల ఎలక్షన్లు పోయినయి. పైసలు కట్టినోడు “నా నీళ్లేవి” అని రసీదు పట్టుకొని నిలవడేటోడు. ఇప్పుడు దరఖాస్తు రాసుకొని లీడర్ ఇంటికి పోతున్నం. వరద కాలువ పొంటి తూము కావాలన్నా, చెరువు నింపాలన్నా ధర్నానే దిక్కాయె. సిరిసిల్ల దిక్కు మల్కపేట రిజర్వాయర్ కింద కొత్తగ కాలువలు చూస్తున్న తమ్ములకైతే ఈ సంఘాల అనుభవమే తక్కువ.

మన గోదారికి ఎగువన మహారాష్ట్రల ఇంకో తీరు జరిగింది. అక్కడ 2005ల నీటి నియంత్రణ సంస్థకు చట్టం చేసిండ్రు. రేట్లు ఎట్ల కట్టాలె అన్న ముసాయిదా ముందు ఇంగ్లీషుల వచ్చింది. మాకు మరాఠీల కావాలె, మీటింగులు మా దిక్కు కూడ పెట్టాలె అని అక్కడి సంఘాలు పట్టువట్టినయి. మరాఠీల అచ్చయింది, మీటింగుల జాగలు పెరిగినయి. రేట్ల ఆర్డర్ 2011లగాని రాలే. అందరు మెచ్చుకున్న ఆర్డర్ కాదది, కని రైతు చదువుకొని మాట్లాడినంక వచ్చింది.

అక్కడి నుంచే ఇంకో సంగతి నేర్చుకోవచ్చు. వాళ్ల చట్టంల సంఘానికి నీళ్లు కొలిచి, ఆ కొలతకు పైసలు తీసుకోవాలని ఉన్నది. మన పాత పద్ధతి ఎకరం లెక్క. మడి నింపి ఒర్రెలకు ఇడిసిపెట్టినోడూ 200, రాత్రంత కాపలా గాసి ఒక్క తడి పారించుకున్నోడూ 200. ఎకరం లెక్క మళ్ల వస్తే కడమోడే మునుగుతడు. కొలత లెక్కనైతే మీటరు ఎక్కడ పెడ్తరు, పాడైతే ఎవలు బాగు చేస్తరు అన్నది తేలాలె. నన్నడిగితే కొలతనే నయం, మీటరు మొదటి తూము కాడ కూడ ఉంటేనే.

రేపు ఏ కాగితమన్న వస్తే అది తెలుగుల ఉన్నదా, మన గ్రామసభల చదివిండ్రా, రేటు ఖాయం గాకముందు వచ్చిందా, కౌలు రైతును పిలిచిండ్రా, నీళ్లు రాని ఏడు తీరువ ఉంటదా లేదా రాసిండ్రా, ఇవి చూడుండ్రి. లేకపోతే సంతకం పెట్టకముందే లేచి అడుగుండ్రి.

ఎవలింట్లనన్న ట్రంకు పెట్టెల పాత నీటి తీరువ రసీదులుంటే ఫొటో తీసి పెట్టుండ్రి. పేరు, సర్వే నంబరు మీద వేలు పెట్టి తీసినా సరే. నాకు ఏ ఏడు, ఎంత రేటు అన్నది కనవడితే సాలు.