ఒకే బాణీ, మూడు వాద్యాలు: 'లోటస్ ఫీట్' ప్రత్యక్ష రికార్డింగుల తులనాత్మక పరిశీలన

జాలరిపేట ఒడ్డున అలివి వల లాగేటప్పుడు ముందున్న మనిషి ఒక మాట అందుకుంటాడు, తాడు పట్టినవాళ్లంతా 'హైలెస్సా' అని బదులిస్తారు. వల బరువెక్కితే మాట సాగుతుంది, తేలికైతే పొట్టిదవుతుంది. నిన్నటి పాటా ఇవాళ్టి పాటా ఒకటేనా అని అక్కడ ఎవరికీ అనుమానం రాదు. కచేరీ రికార్డింగులను పోల్చే పరిశోధకులు మాత్రం చాలాసార్లు ఆ అనుమానం దగ్గరే ఆగిపోతారు. ఏది అసలు రూపమని వెతుకుతారు. ఇక్కడ నేను వెతికేది అది కాదు. బరువు ఎక్కడ మారింది, దానితో పాట ఎలా మారింది అన్నదే.

రాక్ సంగీతంలో ఈ రకం పోలికకు బాట వేసింది గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ బృందం శ్రోతలను కచేరీలు టేపు చేసుకోనిచ్చింది. 1984 నుంచి వాళ్లకు విడిగా చోటు కూడా ఇచ్చింది. 1968లో సింగిల్‌గా వచ్చిన 'డార్క్ స్టార్' మూడు నిమిషాలైనా లేదు. మరుసటి ఏటి 'లైవ్/డెడ్' ఆల్బములో అదే పాట ఇరవై మూడు నిమిషాలు దాటింది. పల్లవి ఒక్క వరుసను నెరవుతో, స్వరకల్పనతో పెంచుకుంటూ పోవడం ఎరిగిన మన శ్రోతకు ఇది కొత్తేమీ కాదు. ఆ బృందపు డ్రమ్మర్ మికీ హార్ట్‌తో 1970ల నుంచే కలిసి పనిచేసిన జాకిర్ హుసేన్, అదే కాలంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'శక్తి' బృందంలో ఉన్నారు.

మెక్‌లాఫ్లిన్ బాణీ 'లోటస్ ఫీట్'కు మూడు ప్రత్యక్ష రికార్డింగులు ఆల్బములుగా దొరుకుతున్నాయి. 1975 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కాలేజీలో ఎల్. శంకర్ వయొలిన్‌తో, 1997లో బ్రిటన్‌లో హరిప్రసాద్ చౌరసియా వేణువుతో, 1999 పర్యటనలో మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌తో. చివరిది 2000లో 'ది బిలీవర్' ఆల్బములో వచ్చింది. మూడింటిలోనూ గిటారు మెక్‌లాఫ్లిన్‌దే, తబలా జాకిర్‌దే. అయితే 1975లో అది అదనపు తంత్రులు బిగించిన అకూస్టిక్ గిటారు, తర్వాత ఎలక్ట్రిక్ గిటారు. ఈ తేడాను మరిచి మార్పంతా రెండో వాద్యానిదే అనడం పొరపాటవుతుంది.

అయినా రెండో వాద్యమే కీలకమని నా నిర్ణయం. వయొలిన్‌పై కమాను నడిచినంతసేపూ స్వరం బతికే ఉంటుంది. వేణువులో ఊపిరి తీసుకునే చోట వాక్యం తెగాలి. మాండలిన్‌లో మీటిన క్షణం నుంచే నాదం సన్నగిల్లుతుంది. నెమ్మదిగా సాగే బాణీకి ఇంతకన్నా కష్టమైన వాద్యం లేదు. శ్రీనివాస్ దీన్ని ఎలా దాటారు? మామూలు మాండలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగెలు. జంట తీగెలు వేలి కింద గమకానికి సులువుగా లొంగవు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్‌కు ఐదు ఒంటి తీగెలు బిగించారు. ఒంటి తీగె మీద జారు సాఫీగా వస్తుంది, విద్యుత్తు నాదాన్ని కాసేపు నిలబెడుతుంది.

అంతకన్నా లోతైన కారణం ఆయన శిక్షణలో ఉంది. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, మాండలిన్ వాయించేవారు కారు. పాడి నేర్పారు, కుర్రవాడు విన్నది తీగె మీదికి తెచ్చుకున్నాడు. 1978లో, తొమ్మిదేళ్లకు, గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికే ఆ చేతికి గాత్రం అలవాటు. అందుకే 1999 రికార్డింగులో మాండలిన్ వాక్యాలు మీటు దగ్గర కాక శ్వాస దగ్గర ముగుస్తున్నట్టు వినిపిస్తాయి. వయొలిన్ కన్నా వేణువుకే అది దగ్గరగా ఉందని నాకు పదేపదే అనిపించింది. 2001 నాటి 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే' ఆల్బములో మెక్‌లాఫ్లిన్, జాకిర్, శ్రీనివాస్‌ల బృందమే త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి 'గిరిరాజసుతా తనయ'ను ఎత్తుకుంది. శంకర్ మహదేవన్ గొంతు పక్కన మాండలిన్‌ను వింటే, రెండూ ఒకే బడిలో చదివినట్టుంటాయి.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన కచేరీల కేసెట్లు మన ఊళ్లలో ఎవరి బీరువాలోనైనా ఉంటే, టేపు అతుక్కుపోకముందే డిజిటల్ ప్రతి తీయించి, దానిమీద తేదీ, ఊరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు రాసి పెట్టాలి. ఆ మూడు వివరాలు లేని టేపును దేనితో పోల్చాలో తెలియదు.