ఆయుధాలు దించాక మొదలయ్యే లెక్క

1917లో, మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా రగులుతుండగా, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కేంద్ర రిక్రూటింగ్ బోర్డు ఒకటి పెట్టింది. పటాలాలకు మనుషుల్ని సమకూర్చడం దాని పని. మరుసటేడు యుద్ధం ఆగింది. ఇక చేర్చుకోవలసినవాళ్లు లేరు. తిరిగొచ్చినవాళ్లున్నారు, తిరిగిరానివాళ్ల ఇళ్లున్నాయి. 1919లో ఆ బోర్డు పోయి, వాళ్ల బాగోగులు చూడటానికి ఇండియన్ సోల్జర్స్ బోర్డు వచ్చింది. 1975 నుంచి మనం కేంద్రీయ సైనిక్ బోర్డు అంటున్నది దాన్నే. కలెక్టరు అధ్యక్షుడిగా, ఒక విశ్రాంత సైనికాధికారి కార్యదర్శిగా జిల్లాల్లో పనిచేసే సైనిక బోర్డులు ఆ వరసలో ఆఖరి మెట్టు. పుట్టుకలోనే ఉన్న ఈ మెలికను ఉత్సవ సభల్లో ఎవరూ ఎత్తరు. నన్నడిగితే, ఈ సంస్థ చరిత్రంతా అందులోనే ఉంది.

ఆ యుద్ధంలో సైనికులు, శ్రామికులు కలిపి 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారు. సుమారు 74 వేల మంది చనిపోయారు. రెండో యుద్ధం నాటికి సైన్యం 25 లక్షలకు పెరిగింది, మృతులు 87 వేలు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఈ రెండు యుద్ధాలకూ మనుషుల్ని పంపి మిలటరీ మాధవరం అనిపించుకుంది. ఆ స్థాయిలో కాకపోయినా, మిలట్రీవాళ్ల ఇల్లు అని ఒక ఇంటిని చూపించని ఊరు మన వైపు అరుదు.

తెలుగు సిపాయి కథలో ఇంకో ముక్క ఉంది. 1758లో మొదలైన మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లు మొదటినుంచీ ఉన్నారు. తర్వాత్తర్వాత దొరలకు 'వీరజాతుల' సిద్ధాంతం తలకెక్కింది, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్నారు. మొదటి యుద్ధం తర్వాత ఖర్చు తగ్గించుకునే పేరుతో 1928 నాటికి మద్రాస్ రెజిమెంటు పదాతి దళాలను పూర్తిగా రద్దుచేశారు. ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్ మాత్రం మిగిలింది. రెండో యుద్ధం ముంచుకురాగానే, 1941-42లో, పనికిరారన్నవాళ్లే మళ్లీ కావలసివచ్చారు. యుద్ధం అయిపోగానే ఆ 25 లక్షల్లో అత్యధికుల్ని ఇళ్లకు పంపేశారు. జవానుకు పింఛను రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. బర్మాలో, ఇటలీలో పోరాడినా, నాలుగైదేళ్ల సర్వీసుతో వచ్చినవాడికి పతకాలు, ఒక డిశ్చార్జి పుస్తకం మిగిలాయి.

స్వాతంత్య్రం రాకముందు నవంబరు 11న గసగసాల పువ్వు బొమ్మ అమ్మి చందాలు వసూలుచేసేవారు. మన సైనికులకు మన రోజు ఒకటి ఉండాలని రక్షణమంత్రి బల్దేవ్ సింగ్ హయాంలో ఒక కమిటీ వేశారు. ఏటా డిసెంబరు 7న పతాక దినోత్సవం జరపాలని ఆ కమిటీ 1949 ఆగస్టు 28న తీర్మానించింది. ఆ తీర్మానానికి 75 ఏళ్లు నిండాయి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల ఆ కాగితపు జెండాలు మా తరానికి బడిలోనే పరిచయం. మాస్టారు ఒక షీటు చేతికిచ్చి, అన్నీ అమ్ముకురమ్మనేవారు. ఆ డబ్బు ఎక్కడికి వెళుతుందో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఎక్కడికి వెళ్లేదో ఇప్పుడు చెప్పుకోవచ్చు. యుద్ధంలో గాయపడినవాళ్లకు, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు, మాజీ సైనికులకు రకరకాల నిధులు ఉండేవి. 1993లో వాటిని కలిపి సాయుధ దళాల పతాక దినోత్సవ నిధిగా చేశారు. అలా కలిసినవాటిలో సెయింట్ డన్‌స్టన్స్ పేరిట ఉన్న నిధి ఒకటి. దాని వెనక కథ చాలామందికి తెలియదు. క్లూథా మెకంజీ అనే న్యూజిలాండ్ కుర్రాడు 1915లో గల్లిపోలీ యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకున్నాడు. రెండో యుద్ధకాలంలో డెహ్రాడూన్‌లో, చూపు పోయిన భారతీయ సైనికుల కోసం సెయింట్ డన్‌స్టన్స్ హాస్టల్ తెరిచినప్పుడు దాన్ని నడిపింది ఆయనే. అక్కడ చేరిన జవాన్లలో ఎన్నో భాషలవాళ్లు. అప్పటికి మన దేశంలో బ్రెయిలు ప్రాంతానికొక రకంగా ఉండేది. అన్ని భాషలకూ ఒకే పద్ధతిలో భారతి బ్రెయిలు 1951లో ఖరారు కావడంలో, యునెస్కో సలహాదారుగా మెకంజీ చెయ్యి ఉంది. ఆ హాస్టల్ ఉన్న చోటే తర్వాత దృష్టిలోపం గలవారి జాతీయ సంస్థ పెరిగింది. ఇవాళ మన అంధ విద్యార్థి వేలికొసలతో తెలుగు పాఠం చదువుకుంటున్నాడంటే, అందులో ఎవరెవరి కళ్లో ఉన్నాయి. యుద్ధం వల్ల మేలు జరిగిందని చెప్పడానికి ఇది రాయలేదు. అంత నష్టంలోంచి ఇంత పిండుకున్న మనుషుల్ని తలుచుకోవడానికి రాశాను.

పుణె దగ్గర ఖడ్కీలో అంగవైకల్యం పొందిన సైనికులకు పనులు నేర్పే క్వీన్ మేరీ సంస్థ 1917 నాటిది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల పునరావాస కేంద్రం కూడా ఆ ఊళ్లోనే ఉంది. సైన్యంలోని ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల దళం (ఈఎంఈ)లో పనిచేసిన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధంలో వెన్నులో తూటా దిగి నడుం కింద పటుత్వం పోగొట్టుకున్నారు. 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం తెచ్చారు. పద్మశ్రీ రావడానికి మాత్రం 2018 దాకా ఆగాల్సివచ్చింది.

ఇక జిల్లా ఆఫీసు బల్ల దగ్గరికి వద్దాం. యుద్ధం అసలు ఖర్చు ఇక్కడ కాగితాల మీద కనిపిస్తుంది. సైనికుడి భార్యకు వచ్చే కుటుంబ పింఛను ఆయన ఎలా పోయాడన్నదాన్ని బట్టి మూడు రకాలు. శత్రువుతో పోరాటంలో పోతే లిబరలైజ్డ్ పింఛను, అంటే ఆఖరి జీతం మొత్తం. సర్వీసు కారణంగా వచ్చిన జబ్బుతోనో ప్రమాదంలోనో పోతే స్పెషల్, అందులో 60 శాతం. సర్వీసుకు సంబంధం లేదని తేలిస్తే ఆర్డినరీ, 30 శాతం. తేల్చేది వైద్య, విచారణ బోర్డులు. మంచుకొండల మీద గుండె ఆగి పోయినవాడి చావు ఏ గడిలో పడుతుందన్నది ఆ ఇంటి ముప్పై, నలభై ఏళ్ల బతుకును నిర్ణయిస్తుంది. నిబంధన లేకుండా ప్రభుత్వం నడవదని తెలుసు. అయినా ఆ మూడు అంకెల్ని ఒక వరసలో చూస్తే మనసు చివుక్కుమంటుంది.

2020 జూన్ 15న గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుతో పాటు మరో 19 మంది ప్రాణాలిచ్చారు. ఆయనకు మరణానంతరం మహావీరచక్ర వచ్చింది, సూర్యాపేటలో విగ్రహం వెలిసింది, రాష్ట్ర ప్రభుత్వం ఆయన భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం ఇచ్చింది. చేయవలసిన పనే చేశారు. టీవీలు లేని కాలంలో, 1962లోనో 1965లోనో టెలిగ్రాం అందుకున్న ఇళ్లకు ఇందులో పదో వంతు కూడా దక్కలేదు. పింఛను లేని వృద్ధ మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు పతాక నిధి నుంచి ఇచ్చే నెలసరి సాయం చాలాకాలం 4,000 రూపాయలే. 2025లో దాన్ని రెట్టింపు చేశారు.

విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు ఏటా నౌకాదళ దినోత్సవమైన డిసెంబరు 4న పుష్పగుచ్ఛాలు పెడతారు. ఆ తీరానికి దగ్గరలోనే 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 90 మందికి పైగా నావికులతో మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదానిపై రెండు దేశాల కథనాలు వేరు. ఒక్కరూ బతకలేదన్నది ఇద్దరూ ఒప్పుకునే మాట. మన విజయాన్ని మనం పండగ చేసుకోవచ్చు, తప్పులేదు. వాళ్లకూ ఇళ్లున్నాయన్న సంగతి మన నావికులకు మనకంటే బాగా తెలుసు.

ఇది చదివే మాజీ సైనికులకు ఒక్క మనవి. సైనిక బోర్డుల చుట్టూ వితంతువుల్ని తిప్పే కారణాల్లో పేరు తేడా ఒకటి. డిశ్చార్జి పుస్తకంలో లక్ష్మి, ఆధార్‌లో మహాలక్ష్మమ్మ, బ్యాంకులో పుట్టింటివారి ఇంటిపేరు. ముప్పై అయిదు, నలభై ఏళ్లకే రిటైరై వచ్చి, రెండో ఉద్యోగంలో పడి, ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి మరిచిపోతాం. మీరుండగా అయితే దరఖాస్తు, రుజువు పత్రాలతో రికార్డు ఆఫీసు ద్వారా సరిచేయించుకోవచ్చు. మీరు లేనప్పుడు అదే పని ఆమె ఒంటరిగా, ఏళ్ల తరబడి చేయాలి. పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) తీసి భార్య పేరు, పుట్టినతేదీ, పిల్లల పేర్లు ఒకసారి సరిచూసుకోండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఈ నెలలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆమెను కూడా వెంటబెట్టుకు వెళ్లండి, ఆ గది ఎక్కడుందో ఆమెకూ తెలియాలి.