ఫుట్‌పాత్‌కీ ఇంటికీ మధ్య: నిరాశ్రయుల కోసం సర్కారు ప్లాన్‌లో ఉన్నదేంటి, లేనిదేంటి?

సొంతిల్లు లేనివాళ్లు వేరు, రాత్రిపూట తల దాచుకునే చోటే లేనివాళ్లు వేరు. కిరాయి ఇంట్లో ఉంటూ డబుల్ బెడ్‌రూం ఇంటికి దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాన్ని ఇల్లు లేని పేదల కింద లెక్కేస్తారు. ఫుట్‌పాత్ మీద, ఫ్లైఓవర్ కింద, ప్లాట్‌ఫారం మీద, పెద్ద సిమెంటు పైపుల్లో పడుకునేవాళ్లు నిరాశ్రయులు. జనాభా లెక్కల్లో వీళ్ల కోసం విడిగా ఒక రాత్రి ఉంటుంది. 2011లో అది ఫిబ్రవరి 28. ఆ రాత్రి లెక్కలో దేశమంతటా 17.73 లక్షల మంది తేలారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షలు. 2001తో పోలిస్తే పల్లెల్లో సంఖ్య తగ్గింది, పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది.

పట్టణాల్లో ఇలా బతికేవాళ్లలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు చాలామంది. అడ్డా మీద నిలబడే కూలీలు, రిక్షా తొక్కేవాళ్లు, ఫంక్షన్ హాళ్లలో వడ్డించి గిన్నెలు కడిగేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, ఇంట్లోంచి గెంటేస్తే దర్గా నీడకు చేరిన ఆడవాళ్లు, మతి స్థిమితం తప్పినవాళ్లు. పని చేసి సంపాదించేవాళ్లూ ఇందులో తక్కువేం కాదు. రోజు కూలీతో గది అడ్వాన్సు కట్టలేక రోడ్డు మీద పడుకుంటారు.

షెల్టర్లు కట్టించడం సర్కారు బాధ్యత అని గట్టిగా చెప్పింది సుప్రీంకోర్టు. 2009 డిసెంబర్ చలిలో ఢిల్లీ పూసా రోడ్డు దగ్గర ఒక రాత్రి బసను కార్పొరేషన్ కూల్చేసింది. ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు 2010 జనవరిలో ఈ సంగతి కోర్టుకు రాశారు. ఆ కేసులో వెలువడిన ఆదేశాలు తర్వాత మిగతా రాష్ట్రాలకూ విస్తరించాయి. పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలి. అది చలికాలంలోనే కాదు, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండాలి. పరుపు, దుప్పటి, తాగునీరు, మరుగుదొడ్డి, ప్రథమ చికిత్స ఉండాలి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, జబ్బుపడ్డవాళ్లకు విడిగా ఏర్పాట్లు కావాలి.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఈ కొలతనే ఒక పథకంగా మార్చింది. మనిషికి 50 చదరపు అడుగుల జాగా ఇవ్వాలన్నారు. ఒక మంచం, పక్కన ఒక పెట్టె పెట్టుకునేంత అన్నమాట. షెల్టర్‌ను ఊరి చివర కాకుండా రైల్వే స్టేషన్, బస్టాండు, మార్కెట్ దగ్గరే పెట్టాలన్నారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ అసలు కీలకం ఇదే. తెల్లారి అయిదింటికి అడ్డాకు చేరాల్సిన కూలీ పది కిలోమీటర్ల అవతల పడుకోడు. నిర్వహణకు మొదటి అయిదేళ్లు సాయం చేస్తామన్నారు, 50 మంది షెల్టర్‌కు ఏడాదికి 6 లక్షల రూపాయలు. లెక్కేస్తే మనిషికి రోజుకు 33 రూపాయలు. వాచ్‌మన్ జీతం, కరెంటు, నీళ్లు, దుప్పట్లు ఉతికించడం అన్నీ అందులోనే.

హైదరాబాద్‌కు ఈ లెక్క వేసి చూడండి. 2011లో జీహెచ్ఎంసీ జనాభా 67 లక్షలు దాటింది, అంటే కనీసం 67 షెల్టర్లు కావాలి. నగరం ఆ సంఖ్యకు ఎప్పుడూ చేరలేదు. ఉన్నవాటిలో కొన్ని సర్కారు ఆస్పత్రుల దగ్గర పేషెంట్ల వెంట వచ్చినవాళ్ల కోసం కట్టినవి. అవీ అవసరమే. కాకపోతే రోగి డిశ్చార్జి అయ్యాక ఊరికి తిరిగి వెళ్లే మనిషి అవసరం వేరు, వెళ్లడానికి ఊరే లేని మనిషి అవసరం వేరు. రాత్రి బస ఈ నగరానికి కొత్త కూడా కాదు. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఏడో నిజాం హయాంలో 1919లో కట్టిన సరాయి రైలు దిగిన ముసాఫిర్లకు బస ఇచ్చింది, తర్వాత శిథిలమైంది.

షెల్టర్‌కూ నిర్బంధానికీ తేడా చెరిపేస్తే ఏమవుతుందో 2017 నవంబర్‌లో ఇదే నగరంలో కనిపించింది. ఇవాంకా ట్రంప్ వచ్చిన అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు పోలీసులు భిక్షాటన నిషేధించారు. రోడ్ల మీద ఉన్నవాళ్లను పట్టుకుని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. ఇల్లు లేకపోవడం, బిచ్చమెత్తడం రెండూ ఒకటి కాదు. జైలు గేటు దాటించి ఇచ్చే బసను జనం షెల్టర్ అనుకోరు. మరుసటి ఏడాది భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. అది ఢిల్లీ వరకే.

షెల్టర్ వల్ల రాత్రి గడుస్తుంది, అంతటితో ఇల్లు దొరకదు. ఇంటి పథకాల దగ్గరికి పోతే మొదటి ప్రశ్న కాగితాలది. అడ్రస్ ఉంటే ఆధార్, ఆధార్ ఉంటే రేషన్ కార్డు, కార్డు ఉంటే ఇంటి దరఖాస్తు. అడ్రస్సే లేనివాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. ఇల్లు లేనివాళ్లకు ఆధార్ ఎలా ఇస్తున్నారని 2018 జనవరిలో సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది. ఈ విషయంలో ఎన్నికల సంఘం పద్ధతి నయం. ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి ఫారం 6లో తాను పడుకునే చోటు రాస్తే, బూత్ అధికారి ఒకటికి మించిన రాత్రులు అక్కడికి వెళ్లి చూసుకుని ఓటరుగా నమోదు చేయొచ్చు. కాగితం తెమ్మనకుండా అధికారే మనిషి దగ్గరికి పోతాడు. గుర్తింపు కార్డు, పెన్షన్, రేషన్ ఇప్పించే పని షెల్టర్లదేనని మిషన్ మార్గదర్శకాల్లోనూ ఉంది. రోజుకు 33 రూపాయల లెక్కలో ఆ పని చేసే మనిషిని పెట్టుకోవడం ఎట్లాగో మాత్రం లేదు.

కాగితాలు దొరికినా రెండో అడ్డు ఉంది. మన ఇంటి పథకాలన్నీ కుటుంబాన్ని చూసి రాసినవి. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు, పట్టా ఇల్లాలి పేరు మీద. ఇందిరమ్మ ఇల్లు మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకు, 5 లక్షల రూపాయల సాయంతో, అదీ ఇంటి ఆడమనిషి పేరు మీదే. ఆడవాళ్ల పేరున ఇల్లు ఇవ్వడం మంచి నిర్ణయం, సందేహం లేదు. అయితే నలభై ఏళ్ల ఒంటరి కూలీ ఈ రెండు పథకాల్లో ఎక్కడా ఇమడడు. అతనికి కావలసింది పట్టా కూడా కాదు, కూలీ డబ్బుతో కట్టగలిగే కిరాయికి ఒక చిన్న గది. లాక్‌డౌన్‌లో వలస కూలీలు నడిచి ఊళ్లకు పోయాక, 2020 జులైలో కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడి ఉన్న సర్కారు ఫ్లాట్లను కూలీలకు కిరాయికి ఇవ్వాలన్నది ఆలోచన. 2024లో వచ్చిన పీఎం ఆవాస్ రెండో దశలోనూ అద్దె ఇళ్ల భాగం ఉంది. సరైన దారి ఇదే. సొంతిల్లు ఇస్తామన్న హామీకి ఓట్లు పడ్డట్టు కిరాయి గదికి పడవు కాబట్టేమో, దీని మీద హడావుడి తక్కువ.

ఈ దారిలో బాగా ముందుకు పోయిన దేశం ఫిన్లాండ్. 2008లో అక్కడి ప్రభుత్వం, నగరాలు కలిసి వరస మార్చాయి. ముందు తాగుడు మానెయ్యి, పని వెతుక్కో, ఆ తర్వాత ఇల్లు అనకుండా, ముందు కిరాయి ఒప్పందంతో ఒక గది ఇచ్చి మిగతా సాయం ఆ గదిలోనే అందించారు. హెల్సింకిలో షెల్టర్ భవనాలనే ఫ్లాట్లుగా మార్చారు. 2008లో అక్కడ 558 షెల్టర్ పడకలుంటే 2016కి 52 మిగిలాయి. 1980ల చివర్లో దాదాపు 18 వేలున్న నిరాశ్రయులు 2022 నాటికి 4 వేల లోపుకు తగ్గారు. చిన్న దేశం, డబ్బున్న దేశం, నిజమే. అయినా తలుపుకు తాళం వేసుకోగలిగే గది దొరికితే మనిషి నిలదొక్కుకుంటాడన్నది డబ్బుతోనే తేలే మాట కాదు.

మన దగ్గర జీవనోపాధి మిషన్ గడువు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. కేంద్రం సాయం లేని షెల్టర్‌ను నడపాల్సింది మున్సిపాలిటీయే. హైదరాబాద్‌లో ఈ పని జీహెచ్ఎంసీ పట్టణ సామాజికాభివృద్ధి విభాగానిది, రెండు రాష్ట్రాల మిగతా పట్టణాల్లో మెప్మాది. డిసెంబర్ వస్తే దుప్పట్లు పంచే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. జకాత్ అందాల్సిన ఎనిమిది వర్గాల్లో దారిలో చిక్కుకున్న ముసాఫిర్ కూడా ఒకరు. దుప్పటి ఇచ్చేటప్పుడు దగ్గర్లో షెల్టర్ ఎక్కడుందో చెప్పడం, వీలైతే వెంట వెళ్లడం ఇంకా ఎక్కువ పనికొస్తుంది. ఆధార్ లేదనో, కులం మతం చూసో గేటు దగ్గరే పంపేస్తే, షెల్టర్ అందరికీ తెరిచి ఉండాలన్న మార్గదర్శకాలను చూపించి మున్సిపల్ కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు.