రంగం మేస్త్రీ, మా అప్ప ఉద్యోగం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే మా అప్ప ఫోన్ చేసింది. (మా శ్రీకూర్మం వైపు అక్కని అప్ప అంటాం. పెద్దమ్మ కూతురు.) తను నర్సు. విశాఖలో కొన్నాళ్ళు చేసి, ఇంగ్లీషు పరీక్షలవీ పాసై, మూడేళ్ళ క్రితం హైదరాబాదులో ఉండే ఒక రిక్రూటర్ ద్వారా బ్రిటన్ వెళ్ళింది. అక్కడ ఒక నర్సింగ్ హోములో ఉద్యోగం. ఆ కాంట్రాక్టు ఇప్పుడు అయిపోవచ్చింది. రిక్రూటర్ తనే ఇంకో ఊళ్ళో ఇంకో నర్సింగ్ హోము చూసిపెట్టాడు. ఈలోగా మా అప్ప ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రకటన చూసి సొంతంగా అప్లై చేసింది. ఇంటర్వ్యూ అయింది, రమ్మన్నారు. సంగతి తెలిసి ఆ రిక్రూటర్ "మన జిల్లా పిల్లవని ఇంత చేశాను, ఇదేనా విశ్వాసం?" అన్నాట్ట.

"ఏటి చెయ్యమంటావురా?" అని అడిగింది.

నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. "ఇందులో అడగడానికి ఏముందప్పా, డైరెక్టుగా వెళ్ళిపో. కమీషన్ పోతుందని ఆయన ఏడుపు" అన్నాను. రెండేళ్ళకో కంపెనీ మారేవాడిని, ఇంకేం చెప్తాను.

"నీకు తేలికేరా. వెళ్ళిన మొదటి నెల జీతం పడలేదు. చలికి జ్వరమొచ్చి పడుకున్నాను. ఆ ఊళ్ళో నాకు అన్నం తెచ్చిపెట్టిన మనిషి ఆయన పంపిన మనిషే. నీ కంపెనీ హెచ్చార్ తెస్తుందా నీకు అన్నం?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఇదంతా మా నాయనమ్మ పక్క మంచం మీంచి వింటోంది. (సంక్రాంతికి ఇంటికొచ్చి, ఒక వారం ఇంటినుంచే పని చేస్తున్నాను లెండి.) ఫోన్ పెట్టేశాక తాపీగా అంది, "మీ ముత్తాత కూడా రంగం మేస్త్రీతో ఇలాగే తగువెట్టుకున్నాడు."

ఆ ఒక్కమాటే ఈ వ్యాసానికి మూలం. రంగం అంటే రంగూన్. మా ముత్తాత బర్మా వెళ్ళాడని తెలుసు గానీ, ఎలా వెళ్ళాడో, ఎవరు పంపారో ఎప్పుడూ అడగలేదు. అడిగి, తర్వాత కొన్ని వారాలు దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ ఇది నా ఉద్యోగం కథే అనిపించింది.

ముందు కొంచెం నేపథ్యం. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఐరవతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు, ఆ బియ్యం ఐరోపాకి పోవాలి. మిల్లుల్లో, రేవులో పనిచెయ్యడానికి మనుషులు కావాలి. బంగాళాఖాతానికి ఇవతలి ఒడ్డున పని లేని మనుషులు బోలెడు. మా శ్రీకూర్మానికి దగ్గర్లోనే ఉన్న కళింగపట్నం, ఇంకా పైన బారువ, కింద భీమునిపట్నం, విశాఖ, కాకినాడ... ఈ రేవులన్నిట్లో రంగూన్ స్టీమర్లు ఆగేవి. కళింగపట్నంలో ఓడ దూరంగా లంగరేసి నిలబడితే పడవల మీద జనాన్ని చేరవేసేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో నాలుగు లక్షల మంది ఉంటే, అందులో సగానికి పైగా భారతీయులే! రేవులో మూటలు మోసింది, రిక్షాలు లాగింది, రాత్రిపూట పాకీపని చేసి ఆ నగరానికి కలరా రాకుండా కాపాడింది చాలావరకు మన తెలుగువాళ్ళే. గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్ళని "కోరంగీలు" అనేవారు. అది మర్యాదగా పిలిచిన పిలుపేమీ కాదు.

మరి శ్రీకాకుళం పక్క పల్లెలో ఉన్న కూలీకి, రంగూన్‌లో ఉన్న స్కాట్లండ్ మిల్లు యజమానికి సంబంధం ఎలా కుదిరింది? ఇక్కడే మేస్త్రీ వస్తాడు.

మిల్లువాడు కూలీని పెట్టుకోడు. లేబర్ కాంట్రాక్టరుతో ఒప్పందం చేసుకుంటాడు. కాంట్రాక్టరు కింద పెద్ద మేస్త్రీ. ఆయన కింద ఇంకో మేస్త్రీ. ఆయన కింద గుంపు మేస్త్రీ. గుంపు మేస్త్రీ కింద మా ముత్తాత. డబ్బు పైనుంచి దిగుతూ ప్రతి మెట్టు దగ్గరా కాస్త కాస్త తగ్గుతుంది. ఇది చదవగానే నవ్వొచ్చింది. క్లయింటు, ప్రైమ్ వెండార్, సబ్ వెండార్, కన్సల్టెన్సీ, చివర్న మనం :) మనం కనిపెట్టామనుకున్న లేయర్ల ఆర్కిటెక్చర్ నూటయాభై ఏళ్ళనాటిది.

గుంపు మేస్త్రీ సాధారణంగా మన ఊరివాడే. నిన్నటిదాకా తనూ కూలీయే. సీజను ముందు ఊరికొచ్చి, ఓడ టికెట్టు తను కొంటాడు, ఇంట్లో పెళ్ళానికి పిల్లలకి తిండిగింజలకి అడ్వాన్సు ఇస్తాడు, కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. రంగూన్‌లో ఉండడానికి బారక్, వంట, జబ్బు చేస్తే చూసుకోడం, ఊరికి ఉత్తరం, మనియార్డరు అన్నీ ఆయన చేతిమీదుగానే. జీతం కూడా ఆయన చేతిమీదుగానే, బాకీ మినహాయించుకుని.

బాకీ తీరకుండా వెళ్ళిపోతే? దానికి చట్టం ఉంది. 1859 నాటి 13వ చట్టం. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని మేజిస్ట్రేటు తిరిగి పనిలోకి పొమ్మనొచ్చు, లేదా డబ్బు కట్టమనొచ్చు. రెండూ చెయ్యకపోతే 3 నెలల దాకా జైలు. అంటే ఉద్యోగం మానెయ్యడం నేరం అన్నమాట. కాంట్రాక్టు తప్పిన యజమానికి మాత్రం ఈ చట్టంలో జైలు లేదు. దీన్ని 1925లో రద్దు చేశారు. మన బాండు కాగితాలు చూసి భయపడే ఫ్రెషర్లకి ఈ సంగతి ఎవరైనా చెప్తే బావుణ్ణు. పని మానేసినందుకు ఆ చట్టం కింద జైలుకి పంపే రోజులు పోయి వందేళ్ళయింది.

అయితే నన్ను ఆశ్చర్యపరిచింది ఇది కాదు. మేస్త్రీ లేకుండా వెళ్ళే దారి కూడా ఉండేది. 1870లలో బర్మా ప్రభుత్వమే కాకినాడలో తన ఏజెంటుని పెట్టి కూలీలని నేరుగా తీసుకెళ్ళాలని చూసింది. ఆ పథకం ఎక్కువకాలం నడవలేదు, జనం మేస్త్రీల వెంటే వెళ్ళారు. సర్కారు ఏజెంటు కంటే నాలుగు మెట్లు మింగే మేస్త్రీ ఎందుకు నచ్చాడు? నాకు తోచిన కారణం ఒక్కటే. ఏజెంటు టికెట్టు మాత్రమే ఇవ్వగలడు. మేస్త్రీ అయితే ఇంట్లోవాళ్ళ గింజలకి డబ్బిస్తాడు, అక్కడ గంజి పోస్తాడు, చస్తే ఊళ్ళో కబురు చెప్తాడు. మా అప్ప చెప్పిన అన్నం కథే ఇది.

మా ముత్తాత మొదటి రెండు ట్రిప్పులూ మేస్త్రీ వెంటే వెళ్ళాడట. రెండో ట్రిప్పులో బాకీ తీరిపోయింది. మూడోసారి సొంత డబ్బుతో టికెట్టు కొనుక్కుని ఒక్కడే ఓడెక్కాడు. మేస్త్రీకి చెప్పలేదు. రంగూన్‌లో దిగి మిల్లు గేటు దగ్గరికెళ్తే "మీ మేస్త్రీ ఎవరు?" అన్నారట. ఉండడానికి బారక్ లేదు. బాకీ లేని మనిషికి పని కూడా లేదు! నెలరోజులు తిరిగి, చివరికి పాత మేస్త్రీ దగ్గరికే వెళ్ళి నిలబడ్డాడు. "చెప్పి వెళ్ళుంటే చీటీ రాసిచ్చేవాణ్ణి కదా" అన్నాట్ట ఆయన. ఇది నిజమో, మా నాయనమ్మ వాళ్ళత్త కలిపిన మాటో తెలీదు. కానీ నాకు ఈ మాట బాగా పట్టుకుంది.

ఇదే కాలంలో మలయాలో వేరే పద్ధతి ఉండేది. అక్కడ మేస్త్రీని కంగాణీ అనేవారు. తోటల్లో ఎంతమంది పనిలోకొస్తే అంత తలకాసు ఆయనకి. మనవాళ్ళు కూడా బాగన్ దతో వైపు కొబ్బరి తోటల్లోకి చాలామంది వెళ్ళారు. కానీ 1907లో అక్కడొక నిధి పెట్టారు. కూలీలని పెట్టుకునే యజమానులందరూ అందులోకి కట్టాలి, ప్రయాణపు ఖర్చు దాన్నుంచే. 1910లో ఒప్పందపు కూలీ పద్ధతి కూడా ఆగిపోయింది. దాంతో కూలీ దిగేసరికి నెత్తిన ప్రయాణపు బాకీ ఉండదు, నెలరోజులు నోటీసిచ్చి మానెయ్యొచ్చు. ఆ తర్వాత కంగాణీ అవసరం లేకుండా తమంతట తామే శిబిరానికొచ్చి ఓడెక్కేవాళ్ళు పెరిగారు. అక్కడ జీవితం స్వర్గమేం కాదు, తోటల్లో మలేరియాకి పోయినవాళ్ళు ఎందరో. కానీ ఒక తేడా చూడండి. రంగూన్ కూలీకీ మలయా కూలీకీ ధైర్యంలో తేడా లేదు. టికెట్టు డబ్బు ఎవరి జేబులోంచి పోయిందన్నదే తేడా.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలని తెచ్చాయి. కొన్నాళ్ళకి తెలుగువాళ్ళతో రాజీ కుదిరింది, బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆ ఉదయమే గొడవ మొదలైంది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. కొట్టుకున్న రెండువైపులవాళ్ళూ కూలీలే, చచ్చిందీ కూలీలే. 1931లో విట్లీ కమిషన్ రిపోర్టు వచ్చింది. మిల్లుల్లో కూలీలని పెట్టుకోడం, తీసెయ్యడం మేస్త్రీల చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్లకి అప్పగించమని చెప్పింది. మన హెచ్చార్‌కి ముత్తాత ఆ లేబర్ ఆఫీసరే. అన్నం మాత్రం ఆయనా తేలేదు :)

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు, చాలామంది అడవుల్లోంచి, కొండల మీంచి నడిచి. ఎన్ని వేలమంది దారిలో రాలిపోయారో లెక్క లేదు. మా ముత్తాత ఆ మేస్త్రీ గుంపుతోనే నడిచాడట. ముత్తాత ఇంటికి చేరాడు. మేస్త్రీ చేరలేదు. ఆయన మా ముత్తాత దగ్గర ఎంత మిగుల్చుకున్నాడో నాకు తెలీదు. ఆ నడకలో తన బియ్యం పంచాడని మాత్రం మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. మా మత్స్యలేశం కుర్రాళ్ళు గుజరాత్ వేరావల్ వెళ్ళి బోట్లెక్కుతారు. గుంపుని కూడగట్టేది బోటు నడిపే తండేల్, ముందు అడ్వాన్సు ఇచ్చి. 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కి, 2020లో తిరిగొచ్చినవాళ్ళ కథ సినిమా కూడా అయింది. ఇక నర్సుల సంగతి. గల్ఫు దేశాలకి నర్సులని పంపే పేరుతో లక్షలు గుంజారన్న ఫిర్యాదుల తర్వాత, 2015లో కేంద్రం ఆ పనిని ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలంది. మన దేశంలో ఏజెంటు వసూలు చెయ్యగలిగేది 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ, అంతే. మా అప్ప "ప్రాసెసింగ్" అని కట్టింది దానికి మూడింతలు. 1973 నాటి బ్రిటన్ చట్టమైతే ఉద్యోగం వెతికిపెట్టినందుకు ఉద్యోగి దగ్గర ఫీజు తీసుకోకూడదంటుంది. 2019లో న్యూయార్కులో ఫిలిప్పీన్స్ నర్సుల కేసు ఒకటి తేలింది. మధ్యలో మానేస్తే 25,000 డాలర్లు కట్టాలన్న షరతు చెల్లదని ఫెడరల్ కోర్టు చెప్పింది, వెట్టి నిరోధక చట్టం కింద. 1859 చట్టం గుర్తొచ్చిందా?

సరే, మరి మా అప్పకి ఏం చెప్పాలి?

నాకు అర్థమైనంతవరకు విశ్వాసం వేరు, బాకీ వేరు. మేస్త్రీ వ్యవస్థ కిటుకంతా ఈ రెంటినీ ఒకే కాగితం మీద రాయించడంలోనే ఉంది. జ్వరంలో అన్నం పంపిన మనిషికి రుణపడి ఉండాలి, అది జన్మంతా ఉన్నా తప్పులేదు. కానీ ఆయన కమీషన్ మూడేళ్ళ క్రితమే ముట్టింది, నర్సింగ్ హోము దగ్గరా, అప్ప దగ్గరా రెండుచోట్లా. ఆ లెక్క మూసేసినట్టే. అన్నానికి బదులు ఇంకో మూడేళ్ళ ఉద్యోగం ఇవ్వక్కర్లేదు. అలాగని చెప్పకుండా వెళ్ళిపోవడం మా ముత్తాత చేసిన తప్పు.

వారం తర్వాత ఫోన్ చేసి ఇదే చెప్పాను. "కాంట్రాక్టు పూర్తిగా చదువు. బాకీ ఏమీ లేదని కాగితం తీసుకో. ఆయనకి వేరేవాళ్ళు చెప్పేలోపు నువ్వే చెప్పు, థాంక్స్ కూడా చెప్పు. కొత్త ఊళ్ళో జ్వరమొస్తే ఫోన్ చెయ్యడానికి ఒక మనిషిని ముందే వెతుక్కో. ఆ తర్వాత డైరెక్టుగా జాయినవ్వు."

అలాగే చేసింది. ఆయన కాసేపు మాట్లాడలేదట. తర్వాత "సర్లేమ్మా, మంచిదే. మీ ఆసుపత్రిలో ఇంకా ఖాళీలుంటే చెప్పు, మన పిల్లలు నలుగురున్నారు. నీకూ ఎంతో కొంత చూస్తాను" అన్నాట్ట.

"ఏటంటావు?" అంది అప్ప.

"అప్పా, మేస్త్రీలు ఇలాగే మొదలయ్యారు" అన్నాను. నవ్వింది. ఆ పిల్లలకి ఆసుపత్రి ప్రకటన లింకు తనే పంపిందట, డబ్బేమీ లేకుండా.

ఫోన్ పెట్టాక నాకు గుర్తొచ్చింది, పోయినేడు మా కంపెనీలో ఇద్దరు జూనియర్లని చేర్పించి నేను రిఫరల్ బోనస్ తీసుకున్నాను. అందులో ఒకడు ఈమధ్య మానేస్తానంటే "నా పరువేం కావాలిరా?" అని నాలుగు చివాట్లు పెట్టాను కూడా. రేపు వాడికి ఫోన్ చెయ్యాలి.