తెలంగాణలో ఇంటర్మీడియట్ అనంతర కళాశాల ప్రవేశాలు

తెలంగాణ రాష్ట్రంలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న విద్యార్థులు పట్టభద్ర స్థాయి కోర్సులలో చేరడానికి అనుసరించే దరఖాస్తులు, ప్రవేశ పరీక్షలు, ధ్రువపత్రాల సేకరణ మరియు సీట్ల కేటాయింపుల క్రమాన్ని ఇంటర్మీడియట్ అనంతర కళాశాల ప్రవేశాలు అంటారు. ఈ ప్రక్రియ రెండవ సంవత్సరం దసరా సెలవుల తరువాత మొదలై, మరుసటి సంవత్సరం ఆగస్టు వరకు సాగుతుంది. ఒక్కొక్క కోర్సుకు ఒక్కొక్క సంస్థ వేరువేరు గడువులతో ప్రకటన వెలువరిస్తుంది కనుక, మార్కులు బాగా వచ్చినా గడువు దాటిపోవడం వలన, లేక ఒక ధ్రువపత్రం లేకపోవడం వలన సీటు కోల్పోయే ప్రమాదం ఉంది. సిద్దిపేట వంటి గ్రామీణ ప్రాంతం అధికంగా గల జిల్లాలలో, ఇంట్లో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కుతున్న విద్యార్థులకు ఈ క్రమం ముందుగా తెలిసి ఉండటం చాలా అవసరం.

నేపథ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగ్, వైద్య, వ్యవసాయ కోర్సుల కొరకు ఎంసెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష 1986లో మొదలయింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత, 2015 నుండి తెలంగాణకు ప్రత్యేకంగా ఎంసెట్ నిర్వహిస్తున్నారు. ఎం.బి.బి.ఎస్. సీట్లు 2017 నుండి పూర్తిగా జాతీయ స్థాయి నీట్ పరిధిలోకి వెళ్ళాయి. పరీక్ష పేరులో వైద్యం అనే మాటకు చోటు లేకపోవడంతో 2024లో దీనిని ఈఏపీసెట్‌గా మార్చారు. ఇందులో ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులు మిగిలాయి.

పూర్వం ఎంసెట్ ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజి ఉండేది. కోవిడ్ కాలంలో దీనిని నిలిపివేశారు, 2023లో శాశ్వతంగా తొలగించారు. అంతమాత్రాన ఇంటర్మీడియట్ మార్కులకు విలువ పోలేదు. డిగ్రీ కళాశాలలలో సీటు ఆ మార్కుల మీదనే ఆధారపడుతుంది. ఎన్.ఐ.టి.లలో చేరాలంటే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్మీడియట్‌లో 75 శాతం మార్కులు (షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 65 శాతం), లేదా బోర్డు పరీక్షలో మొదటి 20 పర్సెంటైల్‌లో స్థానం ఉండాలి. ఈఏపీసెట్ ద్వారా ఇంజనీరింగులో చేరడానికి కూడా గ్రూపు సబ్జెక్టులలో 45 శాతం (రిజర్వేషను గలవారికి 40 శాతం) తప్పనిసరి.

సిద్దిపేట జిల్లాలో ఉన్నత విద్య

సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు మెదక్ జిల్లా నుండి, కొన్ని మండలాలు కరీంనగర్, వరంగల్ జిల్లాల నుండి కలిపి ఏర్పడింది. జిల్లా కేంద్రంలో గల ప్రభుత్వ డిగ్రీ కళాశాల 1956లో స్థాపించబడింది. ప్రస్తుతం ఇది స్వయంప్రతిపత్తి గల కళాశాల. పట్టణంలో మహిళలకు ప్రత్యేకంగా ప్రభుత్వ డిగ్రీ కళాశాల కూడా కలదు. ప్రభుత్వ వైద్య కళాశాల 2018లో ప్రారంభమయింది.

జిల్లాలోని ములుగులో కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల మరియు పరిశోధనా సంస్థ ఉన్నాయి (ఈ ములుగు, అదే పేరుగల ములుగు జిల్లా కేంద్రం ఒకటి కావు). బైపీసీ విద్యార్థులలో పలువురు వైద్య సీటు ఒక్కటే గమ్యంగా భావిస్తుంటారు. అయితే ఉద్యాన, అటవీ శాస్త్రాలలో పట్టభద్ర కోర్సులు సొంత జిల్లాలోనే అందుబాటులో ఉన్నాయి.

హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో రాజీవ్ రహదారిపై ఉంది. 2023 అక్టోబరులో సిద్దిపేట నుండి సికింద్రాబాదుకు రైలు సౌకర్యం కూడా ఏర్పడింది. పూర్వపు మెదక్ జిల్లాకే చెందిన కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదు, వరంగల్‌లో ఎన్.ఐ.టి., గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయం జిల్లా విద్యార్థులకు సమీపంలోని జాతీయ స్థాయి సంస్థలు.

ప్రధాన మార్గాలు

ఈఏపీసెట్: జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, హైదరాబాదు దీనిని తెలంగాణ ఉన్నత విద్యామండలి తరఫున నిర్వహిస్తోంది. కంప్యూటరుపై మూడు గంటల పాటు జరిగే ఈ పరీక్షలో 160 ప్రశ్నలు, 160 మార్కులు. ఇంజనీరింగ్ విభాగంలో గణితానికి 80, భౌతిక శాస్త్రానికి 40, రసాయన శాస్త్రానికి 40 ప్రశ్నలు కేటాయించారు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, కనుక ఏ ప్రశ్ననూ వదిలివేయవలసిన అవసరం లేదు.

జేఈఈ మెయిన్: జాతీయ పరీక్షల సంస్థ జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి నిర్వహిస్తుంది. రెండింటిలో మెరుగైన స్కోరును పరిగణిస్తారు. ఇందులో ఎంపికైన సుమారు రెండున్నర లక్షల మందికి ఐ.ఐ.టి.ల కొరకు అడ్వాన్స్‌డ్ పరీక్ష వ్రాసే అవకాశం లభిస్తుంది. మెయిన్ ప్రశ్నపత్రం 2021 నుండి తెలుగులో కూడా లభిస్తోంది. తెలుగు మాధ్యమంలో చదివినవారు దరఖాస్తులో భాషను ఎంచుకొనేటపుడే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నీట్: ఎం.బి.బి.ఎస్., దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియోపతి తదితర కోర్సులకు ఇది ఒక్కటే ప్రవేశ పరీక్ష. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ప్రతి తప్పు జవాబుకు ఒక మార్కు తగ్గుతుంది. ప్రభుత్వ కళాశాలలలోని 15 శాతం సీట్లను అఖిల భారత కోటాలోను, రాష్ట్ర కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ద్వారాను భర్తీ చేస్తారు. రెండింటికి వేరువేరుగా నమోదు చేసుకోవాలి.

దోస్త్: డిగ్రీ ఆన్‌లైన్ సేవల తెలంగాణకు సంక్షిప్త నామం దోస్త్. బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. తదితర కోర్సుల కొరకు 2016లో దీనిని ప్రవేశపెట్టారు. అంతకు ముందు విద్యార్థి ప్రతి కళాశాలకు వెళ్ళి వేరువేరు దరఖాస్తులు ఇవ్వవలసి వచ్చేది. దోస్త్‌లో ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్మీడియట్ మార్కులు, రిజర్వేషను, విద్యార్థి ఇచ్చిన ఐచ్ఛికాల వరుస ఆధారంగా సీటు కేటాయిస్తారు. మొదటి విడతలో నమోదు రుసుము 200 రూపాయలు ఉండగా తరువాతి విడతలలో అది 400 రూపాయలు. ఫోను నంబరు ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

ఇతర పరీక్షలు: అయిదేళ్ళ న్యాయశాస్త్ర కోర్సుకు రాష్ట్ర స్థాయిలో లాసెట్, నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ వ్రాయాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల కొరకు 2022 నుండి సీయూఈటీ అమలులో ఉంది. ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమాకు డీఈఈసెట్ ఉంది. కళాశాలకు ప్రతిరోజూ వెళ్ళలేనివారికి 1982లో స్థాపించబడిన డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మరొక మార్గం.

కాలక్రమం

తేదీలు ఏటా మారుతుంటాయి. అయినా క్రమం దాదాపు ఒకే విధంగా ఉంటుంది. 2025 ప్రవేశాలలో ముఖ్యమైన ఘట్టాలు ఇవి:

* 2024 అక్టోబరు 28 – నవంబరు 22: జేఈఈ మెయిన్ మొదటి విడత దరఖాస్తులు
* 2024 డిసెంబరు 1: క్లాట్ పరీక్ష
* 2025 జనవరి చివరి వారం: జేఈఈ మెయిన్ మొదటి విడత
* 2025 ఫిబ్రవరి 7 – మార్చి 7: నీట్ దరఖాస్తులు
* 2025 మార్చి 1: ఈఏపీసెట్ దరఖాస్తుల ప్రారంభం
* 2025 మార్చి 5 – 25: ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు
* 2025 ఏప్రిల్ 22: ఇంటర్మీడియట్ ఫలితాలు
* 2025 ఏప్రిల్ 29 – మే 4: ఈఏపీసెట్
* 2025 మే 4: నీట్
* 2025 మే మొదటి వారం: దోస్త్ నమోదు ప్రారంభం

పై పట్టికను పరిశీలిస్తే, జాతీయ పరీక్షల దరఖాస్తులు అన్నీ ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు ముగియక ముందే పూర్తయ్యాయని తెలుస్తుంది. పరీక్షలు అయిన తరువాత చూసుకుందామని వాయిదా వేసిన విద్యార్థికి అప్పటికి ఈఏపీసెట్, దోస్త్, లాసెట్ వంటి రాష్ట్ర స్థాయి మార్గాలే ప్రధానంగా మిగులుతాయి.

ధ్రువపత్రాలు

సీట్ల కేటాయింపు సమయంలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది ధ్రువపత్రాల విషయంలోనే. వీటిని చలికాలంలోనే సిద్ధం చేసుకోవడం మంచిది.

* పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ: పదవ తరగతి మెమోలో ఉన్నట్లే ఆధార్‌లో కూడా ఉండాలి. ఇంటిపేరు ముందు వెనుకలు, ఒక అక్షరం తేడా కూడా తరువాత చిక్కులు తెచ్చిపెడతాయి.
* కుల ధ్రువపత్రం: మీసేవ కేంద్రంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు జారీ చేస్తారు.
* కేంద్ర ఓబీసీ ధ్రువపత్రం: రాష్ట్ర బి.సి. పత్రం జాతీయ సంస్థలలో చెల్లదు. సంపన్న శ్రేణికి చెందరని తెలిపే పత్రం కేంద్ర నమూనాలో వేరుగా తీసుకోవాలి. కొత్త ఆర్థిక సంవత్సరంలో, అనగా ఏప్రిల్ 1 తరువాత జారీ అయినదై ఉండాలని సీట్ల కేటాయింపులో కోరుతారు. ఆర్థికంగా వెనుకబడిన వర్గాల పత్రానికీ ఇదే నియమం.
* ఆదాయ ధ్రువపత్రం: ఈఏపీసెట్ సీట్ల కేటాయింపుకు ఆ సంవత్సరం జనవరి 1 తరువాత జారీ అయిన పత్రాన్ని అడుగుతారు.
* బోనఫైడ్ పత్రాలు: ఆరవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు చదివిన ప్రతి సంవత్సరానికి ఉండాలి. పాఠశాల మూతపడినా, విలీనమైనా పత్రం పొందడానికి సమయం పడుతుంది.

స్థానికత

1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయిస్తారు. సాధారణంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు సంవత్సరాలు, అంటే తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం వరకు, తెలంగాణలో చదివినవారు స్థానికులు. రాష్ట్ర పునర్విభజన చట్టం ప్రకారం ఉన్న పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. దీనితో 2025లో రాష్ట్ర ప్రభుత్వం మిగిలిన 15 శాతం సీట్లకు కూడా తెలంగాణతో సంబంధం గలవారినే అర్హులను చేసింది. కోచింగు కొరకు పిల్లలను పొరుగు రాష్ట్రాలకు పంపే తల్లిదండ్రులు ఈ నాలుగేళ్ళ లెక్కను ముందే చూసుకోవాలి.

ఐచ్ఛికాల నమోదు

ర్యాంకు వచ్చిన తరువాతి ముఖ్య ఘట్టం కళాశాల, కోర్సుల వరుసను ఆన్‌లైన్‌లో నమోదు చేయడం. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. కంప్యూటరు విద్యార్థి ఇచ్చిన వరుసలో పైనుండి క్రిందకు చూస్తూ, ర్యాంకుకు దొరికే మొదటి సీటును కేటాయిస్తుంది. అందువలన సీటు వస్తుందో రాదో అనే సందేహంతో ఇష్టమైన కళాశాలను క్రింద పెట్టడం పొరపాటు. దానిని పైన ఉంచినందువలన ఎటువంటి నష్టం లేదు. అలాగే, పది పన్నెండు ఐచ్ఛికాలతో ఆపివేస్తే ఏ సీటూ రాకపోవచ్చు.

ముందు సంవత్సరపు చివరి ర్యాంకుల జాబితాను కులం, లింగం వారీగా ప్రకటిస్తారు. దానిని చూసి మొదట కాగితంపై వరుస వ్రాసుకొని, ఇంట్లో పెద్దలతోను, అధ్యాపకులతోను చర్చించి తరువాత కంప్యూటరులో ఎక్కించడం మేలు. నెట్ కేంద్రంలో ఇతరులకు పాస్‌వర్డు అప్పగించి ఐచ్ఛికాలు పెట్టించుకోవడం ప్రమాదకరం. సీటు వచ్చిన తరువాత రుసుము చెల్లించి, గడువులోగా ఆన్‌లైన్‌లో స్వయంగా రిపోర్టు చేయకపోతే ఆ సీటు రద్దవుతుంది.

ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలలో 70 శాతం సీట్లు కన్వీనరు కోటాలోను, 30 శాతం యాజమాన్య కోటాలోను ఉంటాయి. యాజమాన్య కోటాలో చేరినవారికి బోధన రుసుము తిరిగి చెల్లింపు వర్తించదు.

ఖర్చులు, ఆర్థిక సహాయం

2025లో ఈఏపీసెట్ ఒక విభాగానికి దరఖాస్తు రుసుము 900 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగలు, దివ్యాంగులకు 500 రూపాయలు. సీట్ల కేటాయింపు రుసుము వేరుగా 1,200 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 600 రూపాయలు. నాలుగైదు పరీక్షలు వ్రాసే విద్యార్థికి రుసుములు, ప్రయాణాలు కలిసి ఒక వ్యవసాయ కుటుంబానికి చెప్పుకోదగిన భారమవుతాయి. కనుక తన గ్రూపుకు, ఆసక్తికి తగిన పరీక్షలనే ఎంచుకోవడం వివేకం.

బోధన రుసుము తిరిగి చెల్లింపు పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2008–09లో మొదలయింది. షెడ్యూల్డు కులాలు, తెగల కుటుంబాలకు వార్షిక ఆదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. వెనుకబడిన తరగతులు, మైనారిటీలు తదితరులకు గ్రామాలలో లక్షన్నర, పట్టణాలలో 2 లక్షలు. ఇంజనీరింగులో 10,000 లోపు ర్యాంకు గల బి.సి. విద్యార్థులకు పూర్తి రుసుమును, ఆపై ర్యాంకుల వారికి 35,000 రూపాయల వరకు ప్రభుత్వం భరిస్తుంది. కళాశాల రుసుము అంతకు మించితే మిగిలినది కుటుంబమే చెల్లించాలి. ఐచ్ఛికాలు పెట్టే ముందే ఆ కళాశాల రుసుమును తెలుసుకోవడం ఇందుకే అవసరం.

విద్యార్థులపై ఒత్తిడి

2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలలో అనేక పొరపాట్లు దొర్లాయి. ఫలితాల అనంతరం రాష్ట్రంలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీని నియమించి, ఉత్తీర్ణులు కాని వారందరి జవాబు పత్రాలను ఉచితంగా పునఃపరిశీలన చేయించింది. ఆ పునఃపరిశీలనలో వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. మెమోపై ఉన్న అంకె తుది తీర్పు కాదని ఆ సంఘటన చూపింది.

తప్పినవారికి మే, జూన్ మాసాలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. అందులో ఉత్తీర్ణులైనవారు అదే సంవత్సరం దోస్త్ తరువాతి విడతలలో పాల్గొనవచ్చు, ఈఏపీసెట్ ర్యాంకు ఉంటే ఇంజనీరింగులోనూ చేరవచ్చు. మార్కులపై సందేహం ఉన్నవారు గడువులోగా పునర్లెక్కింపు, పునఃపరిశీలన కోరవచ్చు. మనోవ్యథకు గురైనవారు, వారి తల్లిదండ్రులు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవి కూడా చూడండి

* సిద్దిపేట జిల్లా
* తెలంగాణ ఇంటర్మీడియట్ విద్యామండలి
* ఉస్మానియా విశ్వవిద్యాలయం
* డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం